సింధియా జంక్షన్ వెనక మనిషి

(బి.యస్‌సి. ఆఖరి సంవత్సరం విద్యార్థి)

విశాఖపట్నం వచ్చి మూడేళ్ళవుతున్నా సింధియా అంటే నాకు బస్సు బోర్డు మీది పేరు మాత్రమే. కాంప్లెక్సు దగ్గర నిలబడితే ఆ బస్సులు వస్తూనే వుంటాయి. కండక్టరు కేక వేస్తాడు, నేవీ వాళ్ళూ షిప్‌యార్డు వాళ్ళూ ఎక్కుతారు. సింధియాలంటే గ్వాలియర్ మహారాజులని స్కూల్లో చదువుకున్నాను గనుక, ఆ మహారాజుగారెవరో గాలి మార్పుకి ఇక్కడ బంగళా కట్టుకుని వుంటారనుకునేవాణ్ణి. ఈ మాట మా లెక్చరరుగారితో అంటే ఆయన నవ్వి, మహారాజుకీ ఆ జంక్షన్‌కీ మధ్య ఒక ఓడ వుందనీ, ఆ ఓడ కొన్న మనిషి పేరు వాల్‌చంద్ హీరాచంద్ అనీ, లైబ్రరీకి వెళ్ళి చదువుకోమనీ చెప్పారు. సైన్సు విద్యార్థిని, ఎకనామిక్స్ సెక్షన్‌లోకి అదే మొదటిసారి వెళ్ళడం. వెళ్ళాక మాత్రం వారంరోజులు బయటికి రాలేదు.

నాకెందుకింత పట్టిందో ముందు చెప్పుకోవాలి. మాది చోడవరం వైపు పల్లె, చెరకు పండిస్తాం. మా తాతగారి రోజుల్లో వూళ్ళో బళ్ళున్న రైతులు కొందరు, లేనివాళ్ళు కొందరు. బెల్లం వండేది అందరూ ఒకే తీరున. అనకాపల్లి మార్కెట్లో ధరా ఒకటే. అయినా ఏడాది చివర బండి లేని రైతు చేతిలో ఎప్పుడూ తక్కువే మిగిలేది. బాడుగ బండివాడు పట్టుకుపోయేవాడు. అదీగాక బండివాడికి తీరిక దొరికినరోజే బెల్లం కదలాలి, ఆ రోజు ధర పడిపోతే రైతు ఖర్మ. తాతగారు రెండెకరాల మీద అప్పు తెచ్చి బండీ ఎడ్లూ కొన్నారట. వాల్‌చంద్ కథ చదువుతుంటే నాకు తాతగారే కనిపించారు. కాకపోతే ఈయన బండి సముద్రం మీద నడవాలి.

వాల్‌చంద్ 1882 నవంబరు 23న షోలాపూర్‌లో పుట్టారు. గుజరాతీ జైనుల ఇల్లు, పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం. పుట్టిన కొద్దిరోజులకే తల్లి పోయింది. బొంబాయి సెయింట్ జేవియర్స్‌లో చేరారు గాని డిగ్రీ పూర్తిచెయ్యలేదు. ఇంటి వ్యాపారం రుచించలేదు. రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన ఫాటక్ అనే మరాఠీ ఆయనతో కలిసి రైలుమార్గాల కాంట్రాక్టులు పట్టారు. బార్సీ లైటు రైల్వేతో మొదలై, తర్వాత భోర్ ఘాట్ సొరంగాల దాకా వెళ్ళారు. అప్పుసొప్పులు చేసి పెద్ద పని నెత్తిన వేసుకోవడం, తర్వాత దారి వెతుక్కోవడం ఆయన పద్ధతి. ఇది మంచి పద్ధతని నేననను. ఆయన మొదలుపెట్టి మధ్యలో చేతులు కాల్చుకున్నవి లేకపోలేదు.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసేసరికి ఓడలకి గిరాకీ ఆకాశాన్నంటింది. గ్వాలియర్ మహారాజా సింధియా యుద్ధకాలంలో ఒక పాత ప్రయాణికుల ఓడని కొని, ఆసుపత్రి ఓడగా మార్చి ప్రభుత్వానికిచ్చారు. దాని పేరు లాయల్టీ. అంతకుముందు ఎంప్రెస్ ఆఫ్ ఇండియా అనే పేరుతో కెనడా కంపెనీ కింద పసిఫిక్ సముద్రం మీద తిరిగింది. ఆ ఓడ అమ్మకానికొచ్చింది. వాల్‌చంద్, నరోత్తం మొరార్జీ, కిలాచంద్ దేవ్‌చంద్, లల్లూభాయి సామల్‌దాస్ కలిసి కొన్నారు. 1919 మార్చిలో కంపెనీ రిజిస్టరయింది. ఓడ ఎవరిదో ఆయన పేరే కంపెనీకి పెట్టారు, సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అని. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కి బయలుదేరింది. ఏటా ఏప్రిల్ 5న మన పోర్టులో జరిపే జాతీయ నౌకాదినోత్సవం ఆ ప్రయాణానిదే. ఓడ మాత్రం ముసలిది, ఎన్నాళ్ళో నడవలేదు, 1923లో తుక్కుకింద అమ్మేశారు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఓడ కొన్నంత మాత్రాన సరుకు దొరుకుతుందా? మన తీరం మీద రాజ్యం బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది, దాని పెద్ద లార్డ్ ఇంచ్‌కేప్‌ది. దూరదేశాలకెళ్ళే బ్రిటిష్ కంపెనీలు 1875లోనే కలకత్తా మార్గం మీద కూటమి కట్టి రేట్లు తామే నిర్ణయించుకునేవి. వర్తకుణ్ణి కట్టిపడెయ్యడానికి వాళ్ళదొక కిటుకు వుంది. బాడుగలో కొంత వెనక్కి ఇస్తామంటారు, కాని వెంటనే ఇవ్వరు. కొన్ని నెలలు తమ దగ్గరే పెట్టుకుంటారు. ఆ నెలల్లో ఒక్క మూట వేరేవాళ్ళ ఓడలో వేసినా ఆ సొమ్ము హుళక్కి. పల్లెటూరివాళ్ళకిది కొత్తగా చెప్పనక్కర్లేదు. పెట్టుబడికి అప్పిచ్చి, పంట తన కొట్టుకే తెమ్మనే వ్యాపారి ఏ వూళ్ళో లేడు!

అప్పటికీ లొంగకపోతే రేట్లు పడగొట్టడం. పోటీవాడు చచ్చేదాకా నష్టానికి నడపడం, చచ్చాక మళ్ళీ పెంచుకోవడం. తూత్తుకుడిలో 1906లో వి.ఓ. చిదంబరం పిళ్ళైగారు స్వదేశీ ఓడల కంపెనీ పెడితే, తెల్లవాళ్ళ కంపెనీ చివరికి ప్రయాణికుల్ని ఉచితంగా ఎక్కించుకుని పైన గొడుగు కూడా బహుమానమిచ్చింది. పిళ్ళైగారు జైలుకెళ్ళారు, కంపెనీ మూతపడింది. సింధియాకీ అదే మందు పోశారు. రంగూన్ నుంచి బియ్యం తెచ్చే రేట్లు అమాంతం పడగొట్టారు. సింధియా చేతిలో అప్పటికి గట్టి మూలధనం వుంది గనుక చావలేదు. కాని గెలవనూ లేదు. 1923లో ఇంచ్‌కేప్‌తో పదేళ్ళ ఒప్పందం కుదిరింది. సింధియా ఓడలు హిందూదేశం, బర్మా తీరాల వెంట మాత్రమే తిరగాలి, దూరసముద్రాల జోలికి పోకూడదు, కంపెనీ ఒక పరిమితి దాటి పెరగకూడదు. లండన్‌కి ఓడ పంపి మొదలెట్టిన కంపెనీకి లండన్ దారే మూసేశారన్నమాట. వాల్‌చంద్‌కి ఈ కాగితం ఎంతమాత్రం ఇష్టం లేదు, బానిస పత్రంగానే చూశారు. నాకైతే నరోత్తం మొరార్జీగారు చేసింది సబబనిపిస్తుంది. ఆ పదేళ్ళూ బతకకపోతే మన విశాఖలో షిప్‌యార్డే లేదు. 1929లో మొరార్జీ కారు ప్రమాదంలో చనిపోయారు. వాల్‌చంద్ కంపెనీ చైర్మన్ అయ్యారు.

ఇంతకీ బాడుగ ఎవడి చేతికి పోతే దేశానికేమిటి? సైన్సు వాళ్ళం కదా, లెక్క తీద్దాం. తెల్లవాళ్ళ పాలనలో దాదాపు ప్రతి సంవత్సరమూ మన దేశం కొన్న సరుకు కంటే అమ్మిన సరుకే ఎక్కువ. పత్తి, జనపనార, తేయాకు, నూనెగింజలు, బియ్యం పోయేవి. పుస్తకం ప్రకారం మనది మిగులు వ్యాపారం. మరి మిగులున్న దేశం ధనవంతం కావాలి గదా, ఎందుకు కాలేదు? లండన్‌లో ఇండియా ఆఫీసు ఖర్చులు, అప్పులకి వడ్డీలు, అధికారుల పింఛన్లు, వాటితోపాటు ఓడబాడుగ, ఇన్సూరెన్సు, బ్యాంకుల కమీషను — మిగులంతా ఆ కన్నంలోంచి కారిపోయేది. దాదాభాయి నౌరోజీ సంపద తరలింపు గురించి రాసింది ఇదే. వాల్‌చంద్ చేసిందల్లా ఆ కన్నాల్లో ఒకదాన్ని చూపించి, ఇది పూడ్చడానికి వీలైనదేనని జీవితమంతా వాదించడం.

ఆయన అడిగింది చాలా చిన్నకోరిక. మన తీరం మీద ఒక రేవు నుంచి ఇంకో రేవుకి వెళ్ళే సరుకు మన ఓడల్లోనే వెళ్ళాలి. 1923లో ప్రభుత్వమే వేసిన నౌకావ్యాపార కమిటీ కూడా తీరవ్యాపారం క్రమంగా మనవాళ్ళకే కేటాయించాలంది. 1928లో సారాభాయి హాజీ శాసనసభలో అందుకోసం బిల్లు పెట్టారు. తెల్లవ్యాపారులు గగ్గోలు పెట్టారు. ఇది వివక్ష, స్వేచ్ఛావ్యాపారానికి విరుద్ధం అని. ఈ మాట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. 1651 నుంచి 1849 దాకా, దాదాపు రెండువందల ఏళ్ళు, ఇంగ్లండు తన నౌకాచట్టాలతో పరాయి ఓడల్ని ఆపింది. ఓడలన్నీ తనవి అయ్యాక తలుపులు తీసి, అందర్నీ తియ్యమంది. మన గోదావరి సముద్రంలో కలిసేచోట కోరంగిలో ఒకప్పుడు ఓడలు కట్టేవారు. ఆవిరి ఓడలొచ్చాక, తుపానులొచ్చాక, ఆ వడ్రంగుల పిల్లలు ఏమయ్యారో. రంగూన్ కూలీలయిన మనవాళ్ళని బర్మాలో కోరంగీలు అనే పిలిచేవారు. మా ముత్తాత తమ్ముడొకాయన అలా డెక్కు టిక్కెట్టు మీద రంగూన్ పోయి తిరిగిరాలేదు.

హాజీ బిల్లు గట్టెక్కలేదు. పైగా 1935 ఇండియా చట్టంలో, బ్రిటిష్ ఓడలకి నష్టం కలిగే చట్టమేదీ ఇక్కడి శాసనసభలు చెయ్యకూడదని స్పష్టంగా రాసేశారు. దేశంలో ఎవరు మంత్రులైనా బాడుగ మీద చెయ్యి వెయ్యడానికి లేదు.

ఈ గొడవల మధ్యలోనే మన రేవు తెరుచుకుంది. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజం ఎగుమతి కోసం కట్టిన రేవు ఇది. 1933 అక్టోబరు 7న మొదట లోపలికొచ్చిన ఓడ జలదుర్గ. అది సింధియా వారి ప్రయాణికుల ఓడే! తెల్లదొరలు తవ్విన రేవులోకి మొదట నల్లవాళ్ళ ఓడ వచ్చిందని ఎవరైనా చప్పట్లు కొట్టారో లేదో తెలియదు, నేనైతే లైబ్రరీలో కొట్టబోయి ఆగాను. కాని ఎలాంటి ఏడాదిలో తెరిచారో చూడండి. 1930లో అమెరికా సుంకాలు పెంచింది, మిగతా దేశాలు ప్రతిసుంకాలు వేశాయి, 1929కీ 1933కీ మధ్య ప్రపంచ వ్యాపారం విలువలో మూడోవంతుకి పడిపోయింది. అందరూ అమ్ముదామనే, ఎవరూ కొనమనే. ఆ దెబ్బకి మన కోస్తా రైతులు ధాన్యానికి ధర లేక శిస్తులు కట్టలేకపోయారు. రేవు కొత్తదే, సరుకే లేదు.

ఇక్కడ వాల్‌చంద్ జీవితంలో నాకు దగ్గరగా వున్న ఘట్టం ఒకటుంది. ఆయన 1923లో నాసిక్ జిల్లా రావల్‌గావ్‌లో రాతినేల కొని, రాళ్ళు ఏరించి, చెరకు వేయించారు. చాలామంది పిచ్చి అనుకున్నారు. అప్పట్లో మన దేశం పంచదార ఎక్కువగా జావా నుంచి తెచ్చుకునేది. 1932లో ప్రభుత్వం దిగుమతి పంచదార మీద గట్టి సుంకం వేసి రక్షణ ఇచ్చింది. దేశంలో 30కి కాస్త పైనున్న చక్కెర మిల్లులు నాలుగైదేళ్ళలో 100 దాటేశాయి. రావల్‌గావ్ మిల్లూ 1933లో మొదలైంది. ఒక్క చట్టంతో చెరకు రైతుకి కొత్త గిరాకీ వచ్చింది. మరి జావాలో? అక్కడ మిల్లులు వరసగా మూతపడ్డాయి, కూలీలు వీధిన పడ్డారు. జావా ఉత్పత్తి అయిదారేళ్ళలో ఆరోవంతుకి దిగిపోయింది. మా నాన్నకి ఇది చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అక్కడి చెరకు రైతు ఏం వేసుకున్నాడురా అని అడిగారు. దానికి నేను చదివిన పుస్తకాల్లో జవాబు దొరకలేదు. వాల్‌చంద్ ఆ ప్రశ్న వేసుకున్నారని నాకెక్కడా కనబడలేదు. ఆయన వ్యాపారి. లాభం వచ్చేచోట దేశం, దేశం వున్నచోట లాభం ఆయనకి ఒకదానితో ఒకటి ముడిపడి కనిపించేవి.

ఇక షిప్‌యార్డు. ఓడలు కొనుక్కున్నంతకాలం ఆ డబ్బు కూడా బ్రిటన్‌కే పోతుంది గనుక ఓడలు ఇక్కడే కట్టాలని ఆయన ఎన్నో ఏళ్ళుగా పట్టుబట్టారు. ముందు కలకత్తాలో స్థలం అడిగారు. అక్కడి పోర్టువాళ్ళతో బేరం కుదరలేదు. అలా మన అదృష్టం కొద్దీ విశాఖ వచ్చారు. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డు, లోపల నిలకడ నీళ్ళు, రైలు పక్కనే. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. ఆ పేటకి గాంధీగ్రామ్ అని పేరు పెట్టారు.

ప్రపంచమంతా ఓడలు మునిగిపోతున్న యుద్ధకాలం అది. ప్రతి దేశమూ రేయింబవళ్ళు ఓడలు కడుతోంది. అయినా ఢిల్లీ ప్రభుత్వం మాత్రం ఈ యార్డుకి చేయూత ఇవ్వలేదు. యంత్రాలు రావడం కష్టం, ఉక్కు దొరకడం కష్టం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా ఖాళీ అయిందని ముసలివాళ్ళు ఇప్పటికీ కథలుగా చెప్తారు. యార్డు సామాను బొంబాయికి తరలించాల్సివచ్చింది. మళ్ళీ తెచ్చి, మళ్ళీ బిగించి, 1946లో మొదటి ఓడకి అడుగుదూలం వేశారు. ఈ మధ్యలోనే ఆయన బెంగుళూరులో 1940లో విమానాల కర్మాగారం, 1944లో బొంబాయిలో ప్రీమియర్ మోటారు కంపెనీ పెట్టారు. అవి వేరే పెద్ద కథలు, ఇక్కడ వదిలేస్తున్నాను.

1948 మార్చి 14. స్వాతంత్ర్యం వచ్చి ఏడునెలలు. 8,000 టన్నుల జలఉషని పండిట్ నెహ్రూ నీళ్ళలోకి వదిలారు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద సముద్రపు ఓడ మన వూళ్ళో జారింది. వాల్‌చంద్‌కి అప్పుడు అరవైఅయిదేళ్ళు. లాయల్టీ బయలుదేరి ఇరవైతొమ్మిదేళ్ళు.

ఆ తర్వాతది చదవడం నాకు కష్టమైంది. ఇక్కడ కట్టిన ఓడ ఇంగ్లండులో కట్టినదానికంటే ఖరీదెక్కువ పడింది. ఇంజను బయటనుంచి రావాలి, పనివాళ్ళు కొత్తవాళ్ళు. కొనేవాడు ఇంగ్లండు ధరే ఇస్తానంటాడు. ఆ తేడా ప్రభుత్వం భరిస్తేనే యార్డు నిలుస్తుంది. కొంతవరకు భరించింది కూడా. కాని కంపెనీకి బరువు మొయ్యడం చేతకాలేదు. 1952 జనవరిలో హిందూస్థాన్ షిప్‌యార్డ్ లిమిటెడ్ ఏర్పడింది. మూడింట రెండు వంతులు ప్రభుత్వానివి, ఒక వంతు సింధియాది. 1961లో ఆ వంతు కూడా పోయి మొత్తం ప్రభుత్వపరమైంది. ఆయన మాత్రం అప్పటికే మంచాన పడ్డారు. 1949లో పక్షవాతం వచ్చింది, 1950లో పనులన్నీ వదిలేశారు. ఆయన జీవితమంతా అడిగిన తీరవ్యాపార రక్షణ సరిగ్గా ఆ రోజుల్లోనే చేతికొచ్చింది. 1950 నాటికి మన తీరం మన ఓడలకే దక్కింది. దాన్ని పుణికిపుచ్చుకుని నడిపే వయసూ ఒంట్లో శక్తీ ఆయనకి లేవు. 1953 ఏప్రిల్ 8న గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో కన్నుమూశారు. లాయల్టీ బయలుదేరిన తేదీకి మూడురోజులు అటు.

మా హాస్టల్లో ఎకనామిక్స్ మిత్రుడొకడు నాతో తెల్లవార్లూ తగువేసుకున్నాడు. రక్షణ ఇస్తే యార్డు సోమరి అవుతుందనీ, ఓడలు ఆలస్యమవుతాయనీ, ఖర్చు జనం నెత్తిన పడుతుందనీ వాడి వాదం. మన యార్డు చరిత్రలో ఆలస్యాలూ నష్టాలూ లేవని నేనెలా అంటాను? 2010లో దాన్ని రక్షణశాఖకి అప్పగించాల్సి వచ్చింది. ఇంగ్లండు ధర ఇస్తాం, తేడా ప్రభుత్వం చూసుకుంటుంది అంటే ఎవరికైనా కొంత నిర్లక్ష్యం రాకమానదు. కాని వాడి వాదానికి రెండోవైపు కూడా వుంది. దక్షిణ కొరియా కూడా రక్షణ ఇచ్చే ఓడలు కట్టడం నేర్చుకుంది. అయితే రక్షణతోపాటు బయటి దేశాలకి అమ్మి తీరాలని షరతు పెట్టింది. మనం షరతు మరిచిపోయాం. తగువు అక్కడ ఆగింది, వాడికి నిద్రొచ్చింది.

సింధియా ఓడ ఇవాళ సముద్రం మీద ఒక్కటీ లేదు. 2025 సెప్టెంబరులో ప్రధానమంత్రి భావనగర్ సభలో చెప్పిన లెక్క ప్రకారం మన విదేశీ సరుకులో 5 శాతమే మన ఓడల్లో వెళ్తోంది. పరాయి ఓడలకి మనం ఏటా ఇచ్చే బాడుగ 75 బిలియన్ డాలర్లు, అంటే సుమారు 6 లక్షల కోట్ల రూపాయలు. మన ఉక్కు ఫ్యాక్టరీకి కావలసిన కోకింగు బొగ్గు ఆస్ట్రేలియా నుంచి రావాలి. ఆ బొగ్గు ధరలోనూ ఓడబాడుగ కలిసే వుంటుంది.

ఈ వ్యాసం సగం రాసి పండక్కి ఇంటికెళ్ళాను. తీరంవైపు మా చిన్నమామయ్యకి రొయ్యల చెరువుంది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేర్చినప్పుడు, కొనేవాళ్ళు కేజీకి ఎంత తగ్గించారో ఆయన వేళ్ళ మీద చెప్పాడు. వ్యాపారలోటు తగ్గించుకోవడం అమెరికా కోరిక. ఆ లోటుకీ తన చెరువుకీ సంబంధమేమిటని మామయ్య నన్ను గుచ్చిగుచ్చి అడిగాడు. నేను జావా పంచదార కథ చెప్పాను. ఆయన విని, అయితే ఈసారి జావావాళ్ళం మనమన్నమాట అని చెరువు వైపు వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చిన మర్నాడు సింధియా బస్సెక్కాను. జంక్షన్‌లో దిగి టీ కొట్టు దగ్గర నిలబడి, ఈ పేరు ఎలా వచ్చిందని నలుగుర్ని అడిగాను. ఒకాయన మహారాజన్నాడు, ఒకాయన నేవీ ఆఫీసరన్నాడు. షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన పెద్దాయనొకరు మాత్రం టీ గ్లాసు కింద పెట్టి, జలఉష పేరు చెప్పి, తన తండ్రి దాని మీద రివెట్లు కొట్టాడని అన్నారు. ఇంకా ఏదో అడగబోయేలోపు ఆయన బస్సు వచ్చేసింది.